అమ్మ అనకాపల్లిలో, అమ్మాయి డాలస్‌లో: వెళ్ళాలా, ఆగాలా?

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఆమె వయసు 60. భర్త పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు. డాలస్‌లో ఉద్యోగం చేస్తోంది. జనవరి మూడో వారంలో తొలి కాన్పు. తల్లి వయసు 83, అనకాపల్లిలో తమ్ముడి ఇంట్లో ఉంటారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఇప్పుడు కోలుకుని చేతికర్ర ఆసరాతో ఇంట్లో వరకు నడుస్తున్నారు. ఈ సోదరి ప్రతి శనివారం బస్సులో అనకాపల్లి వెళ్ళి, తల్లికి తలంటి, గోళ్ళు తీసి, జడ వేసి, సాయంత్రానికి ఇంటికి వస్తారు. మిగిలిన ఆరు రోజులూ మరదలే చూసుకుంటుంది. ఒకప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఆ మరదలు రెండేళ్ళుగా మిషను మూతపెట్టేసిందని ఉత్తరంలో రెండుచోట్ల ఉంది.

అమెరికా వీసా వచ్చింది. అల్లుడు హైదరాబాదు, దోహాల మీదుగా ఒక టికెట్టు చూసి పంపాడు, ఇంకా కొనలేదు. దాని దగ్గరే ఇంట్లో గొడవ మొదలైంది. “గురువారం రాత్రి బయల్దేరితే శుక్రవారం మధ్యాహ్నానికి ఇక్కడుంటావు. ఒక్క రోజు కూడా పట్టదు, అమ్మమ్మకు ఏదైనా అయితే అలాగే వెళ్ళిపోవచ్చు” అని కూతురు అంటోంది. “సోమవారం సాయంత్రం ఎక్కితే బుధవారం ఉదయానికి దిగుతావు. అమ్మకు ఏదైనా అయితే రెండు రోజులు నీ కోసం ఆపి ఉంచాలా?” అని తమ్ముడు అంటున్నాడు. డాలస్ 14,400 కిలోమీటర్లని అల్లుడు చెప్పాడు, ట్రావెల్ ఏజెంటు 16,000 దాటుతుందన్నాడు. భర్తను అడిగితే “నీ ఇష్టం” అంటారు. ప్రయాణం సంగతి తల్లికి ఇంకా చెప్పలేదు. ఆవిడ మాత్రం ప్రతి శనివారం “పిల్ల దగ్గర ఇప్పుడు పగలా, రాత్రా?” అని అడుగుతున్నారట. “నాకు షుగరు ఉంది. దేశం దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. వెళితే అమ్మ ఆఖరి చూపు దక్కదేమో, మానేస్తే రేపు కూతురి మొహం ఎలా చూస్తాను? ఎవరి లెక్క నమ్మాలి, ఏం చేయాలి?” అని ఆ సోదరి అడుగుతున్నారు.

సమాధానం:

ముందు టికెట్టు లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో మాటామాటా పెరిగింది అక్కడే.

టికెట్టు మీది వేళల ప్రకారం మీ అమ్మాయి చెప్పిందీ నిజమే, మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. ఆ పిల్ల వచ్చే దారి చూసింది, ఆయన తిరిగొచ్చే దారి చూశారు. టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారు. చలికాలంలో డాలస్ గడియారం మన గడియారం కంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మీరు రాసిన వేళల ప్రకారం విశాఖలో గురువారం రాత్రి 8 గంటలకు విమానం ఎక్కి, డాలస్‌లో శుక్రవారం మధ్యాహ్నం 3.30కి దిగుతారు. కాగితం మీద అది పందొమ్మిదిన్నర గంటలు. అయితే మీరు అక్కడ దిగే సమయానికి సీతమ్మధారలో శనివారం తెల్లవారుజామున మూడు గంటలవుతుంది. అంటే మీరు నిజంగా దారిలో గడిపేది 31 గంటలు.

ఇక తిరుగు దారి. డాలస్‌లో సోమవారం సాయంత్రం 6.30కి ఎక్కితే విశాఖలో బుధవారం ఉదయం 8.15కి దిగుతారు. కాగితం మీద దాదాపు 38 గంటలు. అక్కడ సోమవారం సాయంత్రం ఆరున్నర అంటే ఇక్కడ అప్పటికే మంగళవారం ఉదయం ఆరు. కాబట్టి అసలు ప్రయాణం 26 గంటల చిల్లర. మీ తమ్ముణ్ణి భయపెట్టిన దారే మీ అమ్మాయి ధైర్యం చెప్పిన దారి కంటే దాదాపు ఐదు గంటలు తక్కువ. వెళ్ళేటప్పుడు హైదరాబాదులో అర్ధరాత్రి దాటేదాకా కూర్చోవాలి, వచ్చేటప్పుడు ఆ నిరీక్షణ తగ్గుతుంది. పైగా అంత ఎత్తులో గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కనుక ఇటు వచ్చే విమానానికి అవి తోడవుతాయి. డాలస్, దోహాల మధ్య వెళ్ళేటప్పుడు పట్టే సమయానికీ వచ్చేటప్పుడు పట్టే సమయానికీ గంటన్నర, రెండు గంటల తేడా ఉండటం మామూలే.

కిలోమీటర్ల సంగతి కూడా అంతే, ఇద్దరూ సరిగానే చెప్పారు. అల్లుడు చెప్పిన 14,400 భూగోళం మీద దారం పట్టుకుని కొలిచినట్టు వచ్చే అతి దగ్గరి దూరం. ఇందులో ఒక విశేషం ఉంది. విశాఖ తూర్పు రేఖాంశం 83 డిగ్రీల దగ్గర ఉంటే డాలస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల దగ్గర ఉంది. రెండూ కలిపితే 180. అంటే ఈ రెండు ఊళ్ళూ ఉత్తర ధ్రువానికి దాదాపు సరిగ్గా అటూ ఇటూ ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. విశాఖ నుంచి నేరుగా ఉత్తరానికి వెళుతూ ధ్రువం దాటి, ముఖం తిప్పకుండా అలాగే ముందుకు దిగితే డాలస్ వస్తుంది. మీ అమ్మగారు “పగలా, రాత్రా” అని అడిగే ప్రశ్నకు చలికాలంలో జవాబు దాదాపు ఎప్పుడూ ఇక్కడికి తలకిందులుగా ఉండటానికి కారణం ఇదే. ఇక్కడ పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు అక్కడ నడిరాత్రి.

అయితే ఆ దారిలో విశాఖ నుంచి విమానం లేదు. అంత దూరం ఏకధాటిగా ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూరు, న్యూయార్కుల మధ్య 15,300 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కడా ఆగకుండా వెళుతున్నాయి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా విమానాన్ని మహిళా పైలట్ల బృందం ధ్రువం మీదుగానే నడిపింది. కానీ రోజూ అంత పెద్ద విమానం నిండాలంటే ఒక్క ఊరి ప్రయాణికులు చాలరు. అందుకే మిమ్మల్ని ముందు హైదరాబాదుకు, అక్కడి నుంచి దోహాకు చేరుస్తారు. విశాఖ నుంచి హైదరాబాదు సుమారు 510, అక్కడి నుంచి దోహా 2,900, అక్కడి నుంచి డాలస్ 12,750 కిలోమీటర్లు. కలిపితే 16,000 పైచిలుకు. ఏజెంటు చెప్పింది ఈ మొత్తం. ఆ ఎక్కువైన 1,700, 1,800 కిలోమీటర్ల కోసం దిగులు పడకండి, అది ఆకాశంలో రెండు గంటల పని. మీ సమయాన్ని తినేది మధ్యలో కుర్చీల్లో కూర్చుని చేసే నిరీక్షణ.

ఇంతవరకూ టికెట్టు. మీ తమ్ముడు అడిగిన ప్రశ్నకు మాత్రం టికెట్టులో జవాబు లేదు. అమ్మకు ఏదైనా అయితే నువ్వు ఎప్పటికి గుమ్మంలో ఉంటావని ఆయన అడుగుతున్నారు. ఆ లెక్క విమానం ఎక్కినప్పటి నుంచి మొదలవదు, ఫోను మోగినప్పటి నుంచి మొదలవుతుంది. ఆ ఒక్క రాత్రీ గడియారం పట్టుకుని చూద్దాం.

అనకాపల్లిలో సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు మీ తమ్ముడు ఫోను చేశారనుకోండి. డాలస్‌లో అది ఆదివారం రాత్రి తొమ్మిది. ఆ రాత్రే అల్లుడు కూర్చుని టికెట్టు మార్చాలి. అదృష్టం బాగుండి మర్నాడు సాయంత్రం ఆరున్నర విమానంలో సీటు దొరికింది. మీరు దోహాలో మారి, హైదరాబాదులో అర్ధరాత్రి దాటాక దిగి, ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలబడి, సామాను తీసుకుని, తెల్లవారే విశాఖ విమానం కోసం కూర్చుని, బుధవారం ఎనిమిదింబావుకు దిగుతారు. మన విమానాశ్రయం అనకాపల్లి వెళ్ళే జాతీయ రహదారి పక్కనే ఉంది కనుక ఊళ్ళోకి రానక్కరలేదు. పది గంటలకు గుమ్మం ముందు ఉంటారు. ఫోను మోగిన దగ్గర నుంచి సుమారు 50 గంటలు. అన్నీ కలిసొస్తేనే ఈ మాట. ఆ రోజు సీటు లేకపోతే మరో రోజు కలపండి. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు నడిచే రోజులైతే, అది నగరానికి అవతలి వైపు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ దిగి, విశాఖ దాటుకుని అనకాపల్లి చేరడానికి ఇంకో గంటా గంటన్నర వేసుకోండి.

ఇవి కాక మన చేతిలో లేనివి కొన్ని ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన విమానాశ్రయం పైకప్పు చీల్చిన సంగతి విశాఖవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, అప్పుడు కొన్ని రోజులు విమానాలే లేవు. 2025 జూన్‌లో ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే దోహా మీదుగా వెళ్ళవలసిన వేలమంది ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. ఇలాంటివి తరచూ జరగవు. అయినా “ఏదైనా అయితే అలాగే వెళ్ళిపోవచ్చు” అనే మాట మీద మాత్రం ప్రయాణం నిర్ణయించుకోకండి. వెళితే, రెండు నుంచి మూడు రోజుల దూరంలో ఉంటానని మనసు ఒప్పుకున్నాకే వెళ్ళండి.

ఆ రెండు మూడు రోజులు ఎలా గడవాలన్నది మీరు, మీ తమ్ముడు ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఇలాంటి మాట ఎత్తడం అశుభమని మన ఇళ్ళలో దాటవేస్తారు. తరవాత ఆ వేళ వచ్చినప్పుడు, బంధువులందరూ చేరాక, ఫోనులో అరుచుకుంటారు. ఇప్పుడు అనకాపల్లి లాంటి ఊళ్ళలోనూ ఫ్రీజర్ బాక్సులు అద్దెకు దొరుకుతున్నాయి, కూతురి కోసం రెండు రోజులు ఆగే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆగకూడదనుకునే కుటుంబాలూ ఉన్నాయి. వారి నమ్మకం వారిది, అందులో తప్పేమీ లేదు. మీ ఇంట్లో ఏది జరగాలో మీరిద్దరూ ముందే ఒక మాట అనుకుంటే, ఆగినా ఆగకపోయినా ఎవరి మీదా నింద ఉండదు. ఆఖరి చూపు దక్కకపోయినా పదో రోజు కార్యానికి మీరు తప్పకుండా అందుకుంటారు. అది చిన్న ఊరట అని నాకు తెలుసు, కానీ అబద్ధపు ఊరట కాదు.

ఇంకొక మాట కూడా తమ్ముడి దగ్గర తీసుకోండి. దూరాన ఉన్న ఆడపిల్ల కంగారు పడుతుందని, అందులోనూ బాలింత ఇంట్లో ఉందని, మనవాళ్ళు జబ్బు సంగతి దాస్తారు. “కొంచెం నలతగా ఉంది” అంటారు. అమ్మను ఆసుపత్రిలో చేర్చిన గంటలోనే మీకు తెలియాలి. డాక్టరు ఏమన్నారో అదే మాట మీకు చెప్పాలి. మీ అమ్మగారికి రేపు ఏదైనా వస్తే ఆసుపత్రిలో కొన్ని రోజుల వ్యవధి ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. చేర్చిన రోజే మీకు చెబితే ఆ 50 గంటలు సరిపోవచ్చు. దాచి దాచి మూడో రోజు చెబితే ఏ విమానమూ మిమ్మల్ని అందించలేదు.

ఇక మీ తమ్ముడి కోపం గురించి. “నీ కోసం ఆపి ఉంచాలా” అన్న మాట మిమ్మల్ని బాగా గుచ్చింది, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. నాకు మాత్రం ఆ మాట కంటే మూతపడిన కుట్టు మిషనే ఎక్కువ కనిపించింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఒక మనిషి తన సంపాదన, తన పని మానుకుని మీ అమ్మను చూస్తోంది. వారానికి ఒక్క శనివారం మీరు వచ్చినప్పుడు ఆ మరదలికి కాస్త ఊపిరి అందుతోంది. మీరు నెలల తరబడి లేకపోతే ఆ ఒక్క రోజు కూడా పోతుంది. మీ తమ్ముడు ఆ మాట నోటితో చెప్పలేక టికెట్టు మీద చెబుతున్నారేమో. నా ఊహ తప్పు కావచ్చు. అడిగి చూడండి. ఈసారి తమ్ముణ్ణి కాదు, మరదల్ని అడగండి. శనివారం అమ్మకు జడ వేస్తున్నప్పుడు కాకుండా, విడిగా, వంటింట్లో కూర్చుని, “నేను వెళితే నీకు ఏది కష్టం?” అని అడగండి.

జవాబు దాదాపు నేను ఊహించగలను. పగటిపూట ఒక ఆయా కావాలి. స్నానం చేయించడానికి, బాత్‌రూముకు తీసుకెళ్ళడానికి మనిషి సాయం కావాలి. మీరు లేనన్నాళ్ళూ ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. డాలస్‌లో ఇద్దరూ సంపాదిస్తున్నారు కనుక మీ అమ్మాయిని అడగడానికి మొహమాటపడకండి. తన కాన్పుకు అమ్మ రావాలనుకునే పిల్ల, అందుకోసం అమ్మమ్మ దగ్గర ఒక మనిషిని పెట్టడం న్యాయమే. ఆ మనిషిని మీరు బయల్దేరే ముందురోజు కాకుండా కనీసం నెల ముందు కుదుర్చుకోండి. ముసలివారికి కొత్త చెయ్యి అలవాటు కావాలి కదా. ఇక “నీ ఇష్టం” అన్న మీవారు. నిర్ణయం మీకు వదిలేయడం గౌరవంగానే అని ఉంటారు, కానీ దానివల్ల మీ బరువు తగ్గలేదు. మీ శనివారాలను ఆయనకు అప్పగించండి. ఆయన జడ వేయలేకపోవచ్చు. అత్తగారి దగ్గర కూర్చుని, మందుల డబ్బా చూసి, వీడియోలో మీకు చూపించగలరు. ఆ పూట మీ మరదలు బయటికి వెళ్ళి రావచ్చు.

మీ అమ్మగారికి చెప్పకపోవడం మాత్రం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. తన చుట్టూ నలుగురూ గంటలు లెక్క వేస్తున్నారు, ఆవిడను ఒక్కరూ అడగలేదు. వారం వారం మనవరాలి దగ్గర పగలా రాత్రా అని అడిగే మనిషికి మనవరాలికి నెలలు నిండుతున్నాయని తెలియదా? మీరు వెళ్ళవలసి ఉంటుందని ఈపాటికి ఆవిడ అనుకునే ఉంటారు. “తొలి కాన్పు పుట్టింటివాళ్ళది” అనే మాట మీకు నేర్పింది బహుశా ఆవిడే. “వెళ్ళు” అంటే ఆ ఒక్క మాటతో మీ సగం భారం దిగుతుంది. “నేనున్నన్నాళ్ళు వెళ్ళకు” అంటే అదీ తెలియాలి, దాన్ని బట్టి మీ నిర్ణయం మారవచ్చు. చెప్పకుండా వెళితే మాత్రం మూడో శనివారం నాటికి ఆవిడకు అర్థమవుతుంది. అప్పుడు సమాధానం చెప్పలేక ఇబ్బంది పడేది మీ మరదలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. డిసెంబరు చివర వెళ్ళి, వీసా నిబంధనల ప్రకారం వీలైనంత ఎక్కువ, అంటే మామూలుగా ఇచ్చే ఆరు నెలలూ ఉండటం ఒకటి. మీ అమ్మాయికి అది స్వర్గం. బిడ్డ తల నిలిపేదాకా పక్కన అమ్మ ఉంటుంది. ఆ పిల్ల ఉద్యోగంలో మళ్ళీ చేరేటప్పుడు కూడా మీరు అక్కడే ఉంటారు. కానీ అనకాపల్లిలో ఆ ఆరు నెలల బరువు ఒక్క ఇంటి మీద పడుతుంది. రెండో నెల నుంచి మీ మనసు ఇక్కడే ఉంటుంది. ఇంట్లో మగ్గిపోయి, ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ ఉండే అమ్మ వల్ల బాలింతకు కలిగే మేలు తక్కువ.

రెండోది, ఒకటిన్నర, రెండు నెలలకు వెళ్ళి రావడం. ప్రసవానికి రెండు మూడు వారాల ముందు చేరి, ఆ తరవాత నెల, నలభై రోజులు పురుడు చూసి, మీ వియ్యపురాలు వచ్చాక అప్పగించి రావడం. దీనికి వియ్యపురాలి వీసా ఇప్పుడే సిద్ధంగా ఉండాలి. ఆవిడ సంగతి మీరు ఉత్తరంలో అసలు రాయలేదు, బహుశా ఇంకా అడగలేదు. అడగండి. మీకు మధ్యలో ఉన్నపళంగా రావలసి వచ్చినా, మీ అమ్మాయి పసిబిడ్డతో ఒంటరిగా మిగలకుండా ఉండాలంటే ఆ రెండో మనిషి సిద్ధంగా ఉండి తీరాలి. మీ ఉత్తరం చదివాక నా మనసు ఈ దారి వైపే మొగ్గింది. ఇందులో కష్టం లేకపోలేదు. ఖర్చు దాదాపు అంతే అవుతుంది, అలసట అంతే ఉంటుంది, బిడ్డ మొహం గుర్తుపట్టే వేళకు మీరు బయల్దేరాలి.

మూడోది వియ్యపురాలిని ముందు పంపి మీరు తరవాత వెళ్ళడం. అమ్మ ఆరోగ్యం ఇప్పుడు నిలకడగా లేదని డాక్టరు అంటే తప్ప ఇది పెట్టుకోకండి. కాన్పు వేళకు అత్తగారు ఉండి అమ్మ లేకపోవడం మీ అమ్మాయికి చాలాకాలం గుర్తుండిపోయే లోటు. మీ ఉత్తరం మొత్తంలో ఆ పిల్ల అడిగింది అదొక్కటే.

నాలుగోది, అసలు వెళ్ళకపోవడం. ఇది తప్పు అని ఎవరైనా అంటే వినకండి. 83 ఏళ్ళ అమ్మను వదలలేకపోవడం బలహీనత కాదు. అప్పుడు డాలస్‌లో వంటకు, బాలింత పనికి మనిషిని పెట్టుకోవాలి. అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక దొరకడం కష్టం కాదు, ఖర్చు మాత్రం ఎక్కువ. బిడ్డను తీసుకుని వాళ్ళే ఇక్కడికి వస్తారనుకుంటే, అక్కడ పుట్టిన బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు, మన దేశానికి వీసా లేదా ఓసీఐ కార్డు (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) కావాలి. అందుకు నెలలు పట్టవచ్చు. తల్లిదండ్రుల వీసా పరిస్థితి కూడా చూసుకోవాలి. కాబట్టి “వెంటనే వచ్చేస్తాంలే” అనే మాట మీద కూడా ఆధారపడకండి. ఈ దారి ఎంచుకుంటే మీ అమ్మాయికి కారణం మీరే, సొంత మాటల్లో చెప్పాలి. “మామయ్య వద్దన్నాడు” అని చెబితే రెండు ఇళ్ళ మధ్య చెడుతుంది.

డిసెంబరులో వెళ్ళేట్లయితే కొన్ని జాగ్రత్తలు. చలికాలం ఢిల్లీ మీదుగా రాత్రిపూట ప్రయాణం పెట్టుకోకండి, పొగమంచుకు విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మీవాళ్ళు హైదరాబాదు మీదుగా చూడటం మంచి పనే. డాలస్‌లోనే దిగే టికెట్టు మీకు ఇంకో విధంగా కూడా నయం. న్యూయార్కులోనో షికాగోలోనో మారితే అక్కడే ఇమ్మిగ్రేషన్ ముగించి, సామాను తీసుకుని మళ్ళీ అప్పగించి, పరుగెత్తాలి. మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవారికి అది అగ్నిపరీక్ష.

దోహా నుంచి డాలస్‌కు ఏకధాటిగా పదహారు గంటలు కూర్చోవడం గురించి కూడా ఉత్తరంలో భయపడ్డారు. షుగరు ఉన్నవారు ఎందరో ఈ ప్రయాణం చేస్తున్నారు, కానీ మీ డాక్టరుతో మాట్లాడకుండా వెళ్ళకండి. నాలుగు గంటలు మించిన ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. నడవ పక్క సీటు తీసుకుని మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు ఆడించండి, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగండి. బిగుతు మేజోళ్ళు అవసరమా అన్నది డాక్టరు చెప్పాలి. పదకొండున్నర గంటలు గడియారం మారినప్పుడు మాత్రలు, ఇన్సులిన్ ఏ వేళకు వేసుకోవాలో ఆయన చేత కాగితం మీద రాయించుకోండి. మందులన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి, ఇన్సులిన్‌ను మాత్రం పెద్ద పెట్టెలో వేయకండి, అక్కడి చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. వీల్‌చెయిర్ సాయం రెండు రోజుల ముందే అడగమని అల్లుడికి చెప్పండి. కాళ్ళు బాగానే ఉన్నాయి కదా అని మొహమాటపడకండి. దోహాలో గేటు వెతుక్కునే కంగారు లేకుండా మిమ్మల్ని ఒక మనిషి దగ్గరుండి చేరుస్తాడు. అమెరికాలో వైద్యం ఖర్చు మనం తట్టుకోలేనిది. బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బుల గురించి అందులో ఏం రాశారో అల్లుడి చేత చదివించండి.

టికెట్టు ఇంకా కొనలేదు కనుక రెండు విషయాలు పట్టుబట్టి అడగండి. ఒకటి, విశాఖ నుంచి డాలస్ వరకు ఒకే టికెట్టు కావాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని విశాఖ, హైదరాబాదుల ముక్కను విడిగా కొంటే, ఆ చిన్న విమానం ఆలస్యమై పెద్ద విమానం తప్పితే ఎవరికీ బాధ్యత ఉండదు, కొత్త టికెట్టు మీరే కొనుక్కోవాలి. ఏ కారణంగానైనా విడిగా కొనవలసి వస్తే ముందురోజే హైదరాబాదు చేరండి. విమానం రద్దయినా రాత్రి రైలెక్కి పన్నెండు గంటల్లో సికింద్రాబాదులో దిగేంత వ్యవధి ఉండాలి. రెండోది మీ తమ్ముడికి కూడా చూపించవలసింది: తిరుగు తేదీ ఎప్పుడైనా మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకోవాలి. ధర ఎక్కువైనా సరే. ఆ మార్పు ఫోనులో ఎలా చేయాలో అల్లుడొక్కడికే కాక మీ అమ్మాయికీ తెలిసి ఉండాలి. ఏ రాత్రి ఫోను మోగుతుందో, ఆ వేళకు ఇంట్లో ఎవరుంటారో ముందే చెప్పలేం కదా.